నిదానము

వాహనము కొన్నవాడు మొదట కనకదుర్గమ్మ కొండ దిగువకు బోయి పూజ చేయించుట మా బెజవాడలో ఆచారము. మేమును బోతిమి. కొబ్బరికాయ గొట్టించి, చక్రములక్రింద నిమ్మకాయలు త్రొక్కించి, దండకును దక్షిణకును వేయి రూపాయల పైచిలుకు వెచ్చించితిమి. కొనుటకు ముందు కారును తెలిసినవానికొకనికి చూపింపుడని మా బావమరది చెప్పినప్పుడు మాత్రము ఐదువందలు దండుగ యని మానితిమి. ఇరువదియేండ్లుగా పిల్లలకు సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్న మా వివేకమింతటిది.

అది 2025 వేసవి. కారు పాతదియే గాని రంగు నిగనిగలాడుచుండెను; లోపల అత్తరు గుబాళించుచుండెను. ఆ యత్తరును జూచి సంతోషించితిమే కాని, అది యేల పూయబడెనని యడుగమైతిమి.

నెల తిరుగకముందే తంటా మొదలయ్యెను. బందరు మార్గమున కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి పోవునంతసేపును వేడిని దెలుపు ముల్లు కదలదు. తిరిగివచ్చి బెంజిసర్కిలు రద్దీలో చిక్కుకొనగనే ఎఱ్ఱగీతవైపు ప్రాకును. రాత్రులయందు దీపములు వెలవెలబోవును. కిటికీ అద్దము సగము దిగి నిలిచిపోవును. హారను ఒక్కొక్కప్పుడు మూగపోవును. ఒకనాడు వేడెక్కిన రేడియేటరు మూత తీయబోయి, ఒక లారీ డ్రైవరు వేసిన కేకకు చేయి వెనుకకు దీసితిమి. లోపలి నీరు ఒత్తిడిలో నూఱు డిగ్రీలకు మించి కాగుచుండుననియు, మూత తీసినంతనే మొగమున చిమ్ముననియు నతడు చెప్పినపిదప మా కాళ్లు వణకెను. ఇంటిదగ్గఱి షెడ్డువాడు మొదట కూలెంటు మార్చెను. పిమ్మట థర్మోస్టాటు మార్చెను. తుదకు రేడియేటరే మార్చెను. ముల్లు మాత్రము తన యలవాటు మార్చుకొనలేదు.

అప్పుడు ఆటోనగరుకు బోతిమి. లారీల బాడీలు కట్టు షెడ్ల సందున కార్ల కరెంటుపని చేయు వృద్ధుడొకడు కలడు. ఆయన బానెట్టు తెఱువక మునుపే, "మాస్టారూ, బండి నడిచేటప్పుడు వేడెక్కుతోందా, ఆగినప్పుడా?" అని యడిగెను. ఆగినప్పుడని చెప్పితిమి. "అయితే రేడియేటరు జోలికి పోనక్కరలేదు" అనెను. పరుగెత్తునప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును. నిలిచినప్పుడు ఫ్యానొక్కటియే దిక్కు. గాలి యున్నచోట వేడి లేదు, గాలి లేనిచోట వేడి యున్నది. ఇది యన్వయవ్యతిరేకములు గాక మఱేమి? పొగను, నిప్పును బల్లపై వ్రాసి యెన్ని తరగతులకు ఆ పాఠము చెప్పితిమో! మా కారుదగ్గఱ అది మాకు జ్ఞప్తికి రాలేదు.

ఆయన ఫ్యానును తిన్నగా బ్యాటరీకి తగిలించెను, గిఱ్ఱున దిరిగెను. కనుక మోటారున దోషము లేదు. హారను రిలేను దీసి ఫ్యాను రిలే స్థానమున బెట్టెను; మార్పు లేదు. ఇంజను వేడెక్కనిచ్చి ఫ్యాను నీరసముగా దిరుగుచుండగా, మీటరు పుల్ల నొకదానిని ఫ్యాను నల్లతీగకును, రెండవదానిని బ్యాటరీ రుణధ్రువమునకును ఆనించెను. మూడు వోల్టులకు మించి చూపెను. అర వోల్టైనను ఉండరాదట. ఆ తీగ వెంబడి పోయి, అది కారు ఇనుపబాడీకి బిగింపబడిన బోల్టును విప్పగా, పచ్చని కిలుము పొడిపొడిగా రాలెను. పోయిన విద్యుత్తు ఆ బాడీగుండ బ్యాటరీకి మరలివలయును. ఆ త్రోవ పూడినచో ఫ్యాను నీరసించును, దీపములు మసకబాఱును, హారను మూగపోవును. మేము నాలుగు రోగములనుకొన్నది ఒక్కటియే. నిదానమను మాటకు వైద్యశాస్త్రమున రోగకారణమును గుర్తించుట యని యర్థము. తెలుగువాడుకలో తొందరపడకుండుట యని యర్థము. ఆ షెడ్డులో రెండును ఒక్కచోట గనబడెను.

"ఈ కిలుము ఎక్కడిదో చూద్దాం రండి" యని ఆయన సీటుబెల్టును కొసవఱకు లాగెను. కొసన అడ్డముగా గోధుమరంగు చార. నేలచాప యెత్తెను, మెత్తని ఒండ్రు. "బుడమేరు" అనెను, అంతే.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు సింగునగరును, పాయకాపురమును ముంచెత్తినప్పుడు మేమును పులిహోర పొట్లములతో పడవనెక్కి పోయినవారమే. పైకప్పులు మాత్రమే కనబడుచున్న కార్లను జూచి అయ్యో యంటిమి. వానిలో నొకదానిని వెలయిచ్చి కొందుమని తలపలేదు. కారు మునిగినవానిపై మాకు కోపము లేదు. అతని యిల్లును మునిగియుండును. అత్తరు పూసినవాడెవడో వానిపైననే మా కోపమంతయు.

క్రొత్త తీగ వేసి, బోల్టుచోటు గీకి శుభ్రపఱచి, ఆయన ఆఱువందలు దీసికొనెను. "ఇక్కడితో ఆగదు మాస్టారూ. నీళ్లు తీగల జాయింట్లలోకి పోయుంటాయి. ఒక్కోటీ బయటపడుతుంది" అనియు జెప్పెను. అమ్మివేయుదమని యింట నిశ్చయించితిమి.

కొనుటకు వచ్చువాడు మా శిష్యుడు. గుడివాడలో క్రొత్తగా నుపాధ్యాయుడైనాడు, చంటిబిడ్డ తండ్రి. "మాస్టారి కారు గదా, చూసేదేముంది" అని ఫోనులో ననెను. అడుగనిది చెప్పకపోవుట అబద్ధము కాదని మా బావమరది వాదము. "మనకెవరు చెప్పారు?" అని మా యింటివారి ప్రశ్న. మౌనమును సమర్థించు నీతినెక్కడనుండియైన వెదకి తెచ్చుటకు మాకు వచ్చిన సంస్కృతము చాలును. నిజము చెప్పవలయునన్న, నాలుగు దినములు ఆ వెదకులాటలోనే యుంటిమి.

శనివారము సాయంకాలము కారు కడిగితిమి. అత్తరుసీసా తీసివేసితిమి. నేలచాప నెత్తి, మరల పఱువక వెనుకసీటుపై బెట్టితిమి. సీటుబెల్టును కొసవఱకు లాగి, వెనుకకు బోకుండ బట్టలక్లిప్పు తగిలించితిమి. అతడు ఆదివారము ఎనిమిది గంటల బస్సుకు వత్తునన్నాడు.