ఉపవాసము – వార్ధక్యము

లంఘనము పరమౌషధమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఏకాదశినాడు హిందువులును, రంజాను మాసమున మహమ్మదీయులును, లెంటు దినములయందు క్రైస్తవులును ఉపవసించుట మన యూళ్లలో చిరకాలముగా నున్న యాచారమే. వీరందరును దైవము నుద్దేశించి ఉపవసించుచున్నారు గాని దేహము నుద్దేశించి కాదు. ఇటీవల మాత్రము ఉపవాసముచే ముసలితనపు రోగములు కుదురుననియు, ఆయువు పెరుగుననియు పలువురు చెప్పుచున్నారు. ఈ మాటలో సత్యమెంత, అతిశయోక్తి యెంత యని విచారించుట మా యింట అవసరమయ్యెను. ఏలయన, డెబ్బదియేండ్లకు సమీపించిన మా తల్లిగారు మధుమేహమునకు మాత్రలు పుచ్చుకొనుచు, లెంటులో ప్రతి శుక్రవారమును ఉపవాసముండెడివారు.

1935వ సంవత్సరమున అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున మెక్కే అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కొన్ని యెలుకలకు పోషకములు లోపింపకుండ ఆహారపు మోతాదును మాత్రము తగ్గించి పెంచిరి. అవి కడుపునిండ తిన్న యెలుకలకంటె దీర్ఘకాలము బ్రదికెను. పిమ్మట కోతులపై జరిగిన రెండు పరిశోధనలు ఏకీభవింపలేదు. మితముగా తిన్న కోతులు అధికకాలము జీవించినవని విస్కాన్సిన్‌వారు 2009లోను, ఆయువు పెరుగలేదని మేరీలాండ్‌వారు 2012లోను ప్రకటించిరి.

జపాను దేశీయుడగు ఒసుమి యోషినోరి ఈస్టు కణములకు ఆహారము లేకుండ జేసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఆకలిగొన్న కణము తనలోని శిథిల భాగములను తానే విడగొట్టి, ఆ సరకును మరల వాడుకొనును. కరవునాడు ఇల్లాలు పాతచీరలను పారవేయక బొంత కుట్టుకొనునట్టిదే యిది. దీనిని ఆటోఫజీ యందురు. ఈ పరిశోధనకు ఆయనకు 2016లో నోబెల్ బహుమానము లభించెను. అయినను ఈస్టునందు కనబడిన దానినిబట్టి, ఉపవసించు మనుష్యునకు ముదిమి దూరమగునని చెప్పుటకు వీలులేదు.

మనుష్యుల విషయమున బలమైన సాక్ష్యము మధుమేహమునందు కలదు. బ్రిటనులో జరిగి 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మధుమేహము వచ్చి ఆరేండ్లు దాటని స్థూలకాయులు కొందరు 3 మొదలు 5 నెలలవరకు దినమునకు 825 మొదలు 853 కేలరీల ఆహారము మాత్రమే పుచ్చుకొనిరి. ఏడాది తిరుగునప్పటికి వారిలో 46 శాతము మందికి మందులు లేకయే వ్యాధి అణగియుండెను. ఎక్కువ బరువు తగ్గినవారికే ఎక్కువ మేలు కలిగెను. ఇన్సులిను పుచ్చుకొనువారిని అందు చేర్చుకొనలేదు. మందులు మానిపించుటయు వైద్యుల పర్యవేక్షణలోనే జరిగెను. ఈ కడపటి రెండు సంగతులను మరువరాదు.

వాని విలువ మాకు ఒక శుక్రవారము తెలిసివచ్చెను. మధ్యాహ్నమున మా తల్లిగారికి చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడెను. పంచదార నీళ్లు త్రాగింపగా తేరుకొనిరి. కడుపులో అన్నము లేకున్నను, రక్తములోని చక్కెరను తగ్గించు మాత్ర తన పని తాను చేయుచునే యుండెను. “అమ్మా, మీరు ఉపవాసమున్నారు గాని మీ మాత్ర ఉండలేదు గదా!” అని డాక్టరుగారు మెల్లగా చెప్పిరి. “నా చిన్ననాటి నియమమును ఈ వయసున ఎట్లు విడుతునయ్యా?” అని ఆమె కన్నీరు పెట్టుకొనిరి. పూట మానవద్దనియు, అన్నము తగ్గించి పప్పును కూరలును తినుమనియు, రాత్రి భోజనము పెందలకడ ముగింపుమనియు ఆయన బోధించిరి.

రెండు దినములు ఆమె ఎవరితోను మాటలాడలేదు. మూడవనాడు వంటకు ముందు తన పాలి బియ్యమునుండి పిడికెడు తీసి వేరొక కుండలో పోసిరి. అది మొదలు పూటపూటకును అట్లే చేసి, ఆదివారమున ఆ బియ్యమును గుడికి తీసికొనిపోయి బీదలకు ఇప్పించుచున్నారు. కొన్ని నెలలకు వారి బరువు కొంత తగ్గెను. డాక్టరుగారు మాత్ర మోతాదును తగ్గించిరి.

ప్రియ బాలబాలికలారా! మీరు ఎదుగు వయసువారు. ప్రొద్దున ఏమియు తినక బడికి వచ్చుట ఉపవాసము కాదు, దేహమునకు అపకారము. బీదవాని ఆకలియు ఉపవాసము కాదు. దానిని తీర్చుట మన విధి. తలిదండ్రులారా! మధుమేహమునకు మందులు వాడువారును, గర్భవతులును, చిక్కిపోయిన వృద్ధులును వైద్యుని అడుగక ఉపవసింపరాదు. ముసలితనమున కరగిన కండ మరల వచ్చుట కష్టము.

ఉపవాసము ఔషధమన్న పెద్దల మాటను నేను త్రోసివేయను. ఔషధమే యైనచో దానికిని మోతాదు కలదు, వేళ కలదు, పథ్యము కలదు. ఒకరికి హితమైనది వేరొకరికి విషమగుటయు కలదు.