ముల్జిమ్, ముజ్రిమ్

ఉర్దూ మీడియం బడిలో ఈ రెండు మాటల్నీ ఒకటిగా రాస్తే మా ఉస్తాద్ చెవి మెలేసేవారు. ఇల్జామ్ పడినవాడు ముల్జిమ్. జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. డిగ్రీలో తెలుగు చదివి పత్రికలో చేరాక నేనా తేడా మరిచిపోయాను. పోలీసులిచ్చిన కాగితం చూసి 'పాత నేరస్తుడు' అని ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు.

పదేళ్ళ కిందట ఆ మాట మా ఖాలా కొడుకు మీద పడింది. ఇంట్లో చొరబడి చోరీ చేసిన కేసు. అప్పటికే వాడి మీద నాలుగు కేసులున్నాయని కాగితంలో ఉంది.

"నాలుగుసార్లు చేసినోణ్ణి జడ్జి సాబ్ ఎట్లా వదుల్తాడు ఖాలా?" అన్నాను.

"వాడు చోరీ చేసిండేది నేను కాదన్ను. కానీ నాలుగు కాదు బేటా," అంది పల్లూతో కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మ మనసు కదా అనుకున్నాను. వకీల్ సాబ్ ఫైళ్ళు తీయిస్తే ఖాలా చెప్పిందే సచ్. రెండు కేసులు కొట్టేశారు. ఒకటి ఇంకా నడుస్తోంది. సజా పడింది ఒక్కదాంట్లోనే. అదాలత్ లెక్కలో పాత జుర్మ్ అంటే ఆ ఒక్కటే.

కానూన్ ఆయనే విప్పి చెప్పారు. పాత సజా సంగతి చార్జిలో రాసినా, ఈ కేసులో ముజ్రిమ్ అని తేలేదాకా మేజిస్ట్రేటు దాన్ని చదివి వినిపించకూడదు. తేలాక కూడా వాడు ఒప్పుకోకపోతే, ఆ పాతదాన్నీ రుజువు చెయ్యాలి. రుజువైతే సజా పెరగొచ్చు. మూడేళ్ళు, ఆపైన ఖైదు పడే సొత్తు నేరాన్ని మళ్ళీ చేస్తే, అప్పటి శిక్షాస్మృతి 75వ సెక్షన్ పదేళ్ళ దాకా, ఉమర్‌ఖైదు దాకా వెళ్ళనిచ్చేది. ఇప్పటి న్యాయ సంహితలో అది 13వ సెక్షన్. వెళ్ళొచ్చు అన్నారంతే, వెళ్ళి తీరాలనలేదు.

మరి ఎంత వెయ్యాలి? అది తేలేది ఒక్క సవాల్ దగ్గర: "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" ఇది ఉత్త రస్మ్ కాదని సుప్రీంకోర్టు 1976లోనే సంతాసింగ్ కేసులో చెప్పింది. పాత నేరాలతోపాటు వయసు, చదువు, చేసే పని, ఇంటి హాలత్, మారతాడన్న ఉమ్మీద్ కూడా చూడాలంది.

ఆ రోజు జడ్జి అడిగితే వాడు తల దించుకుని నిలబడ్డాడు. వకీల్ సాబే లేచి, వాడు పనిచేసిన బేకరీ యజమాని ఉత్తరం, ఖాలా ఆసుపత్రి చీటీలు ముందు పెట్టారు. రెండేళ్ళు పడింది. జైల్లో అప్పటికే గడిపిన నెలలు అందులో తగ్గించారు. వదిలెయ్యాల్సిందని నేననను. నగలు పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్ళకూ ఇన్సాఫ్ కావాలి.

మన ఇళ్ళల్లో ఎవరికైనా అలాంటి తారీఖ్ వస్తే దువాతోపాటు కాగితాలూ పట్టుకెళ్ళండి. నేనైతే ఇప్పుడు పోలీసుల్ని 'ఎన్ని కేసులు?' అని అడిగి ఊరుకోను. 'ఎన్నింట్లో సజా పడింది?' అని కూడా అడుగుతాను.

ఆ రోజు అన్న మాటకి ఖాలాని మాత్రం ఇంకా మాఫీ అడగలేదు.