తప్పు చెప్పువారు

మాయింట యుకులేలే యను చిన్నవాద్యము ప్రవేశించి రెండేండ్లు దాటినది. మా అమ్మాయి పుట్టినదినమునకు కొన్నది. ఆమె మూడు వారములు దానితో మోజు తీర్చుకొని, పిమ్మట బీరువాపై నుంచి, బాడ్మింటను ఆటలో పడినది. సంగీతసాధనము దుమ్ముపట్టి పడియుండుట మంచిది కాదని ఒకనాడు తుడుచుటకై చేత బట్టితిమి. ఆ పట్టినది ఇప్పటికిని విడువలేదు.

చూడని సోదరీమణులకు రెండు మాటలు చెప్పవలెను. ఇది ఇరువదియొక్క అంగుళముల పొడవు గలది. గిటారునకు పిల్ల యనవచ్చును. నైలాను తీగలు నాలుగు. 1879వ సంవత్సరమున పోర్చుగీసువారి మదీరా దీవినుండి రేవెన్స్‌క్రాగ్ అను ఓడ యెక్కి, హవాయి దీవులలోని చెరకుతోటల పనికి పోయినవారు తమతోకూడ ఒక చిన్న తీగవాద్యమును తీసికొనిపోయిరి. వారిలోని కొయ్యపనివారే హవాయిలో దానిని ఈ రూపమునకు దెచ్చిరి. ఆ దీవుల రాజగు కలాకౌవా దీనిని మిక్కిలి ఆదరించెను. నాలుగు తీగలలో ముఖమునకు దగ్గరనున్న దానినుండి లెక్కించినచో, రెండవదానిని షడ్జమముగా నెంచుకొన్నవారికి ప, స, గ, ధ యను స్వరములు పలుకును. మొదటి తీగ మంద్రస్థాయిలో నుండక, మధ్యమస్థాయి పంచమమే పలుకుట ఇందలి వింత.

ఎడమచేయి మెట్లపై పట్లు పట్టును. కుడిచేతి పని రెండు విధములు. చూపుడువ్రేలితో నాలుగు తీగలను ఒక్కసారిగా క్రిందికిని పైకిని గీయుట యొకటి. దీనిని స్ట్రమ్మింగు అందురు. ఒక్కొక్క తీగను ఒక్కొక్క వ్రేలితో విడివిడిగా మీటుట రెండవది. చూచుటకు రెండును సులభములే. మేమును అట్లే భ్రమపడితిమి.

మా నివాసము గచ్చిబౌలిలో పండ్రెండవ అంతస్తు. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఈ చుట్టుపట్ల రాళ్లగుట్టలు పోయి అద్దపుమేడలు లేచినవి. ఉదయము తొమ్మిదింటికి పురుషులును, ఉద్యోగినులును పోగా, మా మేడలో తలుపులన్నియు మూసియుండును. మా పుట్టినింటి వీధిలో పిల్ల యెవతెయైనను సరళీవరుసలలో ఒక స్వరము జార్చినచో, గోడ యావలనుండి పిన్నిగారో, దారిని బోవు మేస్టరుగారో, “అమ్మాయీ, అది కాదు, మరల అను” అని కేకవేసెడివారు. ఇచ్చట ఎదుటి ఫ్లాటువారు మన వాద్యము వినుటకు వీలు లేదు. విన్నను చెప్పుట మర్యాద గాదు. కనుక మేము ఏడాదికాలము మా తప్పులను సుఖముగా పెంచుకొంటిమి.

ఇంటివారిని అడుగలేదా యందురేమో. అడిగితిమి. మావారు లాప్‌టాపునుండి కన్నెత్తకయే “చాల బాగున్నది” అనిరి. ఆ బాగున్నది యను మాటను వారు చారునకును, క్రొత్తచీరకును, విద్యుచ్ఛక్తి బిల్లునకును కూడ ప్రయోగింతురు. మా అమ్మాయి “సూపర్” అని తన గదిలోనికి పోయెను. ప్రేమగలవారివద్ద తీర్పు దొరకదని అప్పుడే తెలిసికొనవలసినది.

తెలిసికొన్నది ఉగాదినాడు. మా మేడ క్రింది హాలులో పిల్లలు పదునొకండుగురు ఒక పాట పాడునట్లును, మేము యుకులేలే వాయించునట్లును ఏర్పాటు. మొదటి చరణము సరిగానే నడచినది. రెండవదానిలో పిల్లలకు ఊపిరి చాలలేదు. మూడవచరణమున చిన్నవాడొకడు పాడుట మాని మావంక జాలిగా చూచెను. మేము పరుగెత్తుచుంటిమి, వారు వెనుక పడుచుండిరి. అయినను చప్పట్లు మ్రోగినవి. నలుగురు సోదరీమణులు వచ్చి మెచ్చుకొనిరి. ఆ రాత్రి ఆ పిల్లవాని చూపే తలపునకు వచ్చి నిద్ర పట్టలేదు.

మరునాటినుండి టెలిఫోనులో మా వాద్యమును పట్టి వినసాగితిమి. ఇది మంచి సాధనము. అయితే వాడుటలో కొంత తెలివి కావలెను. ఫోనును వాద్యముంచిన బల్లమీదనే పెట్టినచో బల్ల అదరు ధ్వనియు కలియును. ఎదుటి కుర్చీపై బారెడు దూరమున నుంచవలెను. వాద్యము పలుకు నాదము ముందునకు పోవును గాని వాయించువారి చెవికి నేరుగా రాదు. అందుచేత ఎదుటివారు వినునది వేరు, మనము వినునది వేరు. వాయించిన వెంటనే వినరాదు. అప్పుడు చెవికి అభిమానము తగ్గియుండదు. మరునాడు వినవలెను. బొమ్మతోకూడ పట్టినప్పుడు ఒకసారి ధ్వని తీసివేసి చేతిని మాత్రము చూడవలెను. మరియొకసారి కన్నులు మూసికొని ధ్వని మాత్రమే వినవలెను. ఈ విధమున మాకు తెలిసినవి కొన్ని కలవు. స్ట్రమ్మింగునకు మణికట్టు ఆడవలసియుండగా మేము విసనకఱ్ఱవలె మోచేయినంతయు ఊపుచున్నాము. పైకి గీయునప్పుడు నాలుగవ తీగను అందుకొన్న చాలునని యెరుగక, అన్నిటిని గీరి మోత పుట్టించుచున్నాము. మెట్టుమీద వ్రేలు మితిమీరి నొక్కుటచేత శ్రుతి కొంచెము హెచ్చుచున్నది. ఇవి దిద్దుకొంటిమి.

కాని పరుగు మానలేదు. మెట్రోనోము పెట్టుకొన్నను, అది ఒక్కటి కొట్టుసరికి మేము ముందే చేరి నిలిచియుంటిమి. తప్పు ఎడమచేతిదని మా నిశ్చయము. పట్టు మార్చునప్పుడు తడబాటు కలుగుచున్నదనియు, ఆ భయముచేతనే తొందర పుట్టుచున్నదనియు తలచి, నాలుగు నెలలు ఎడమచేతినే శిక్షించితిమి. దూరమున నున్న ఒక గురువునకు రుసుము చెల్లించి, వాయించినది పంపి, “ఎట్లున్నది?” అని అడిగితిమి. “బాగున్నది, ఇంకను సాధన చేయుడు” అని బదులు వచ్చెను. మొదట కోపము వచ్చినమాట నిజము. తరువాత ఆలోచింపగా తప్పు మా ప్రశ్నది. పులుసు ఎట్లున్నదని అడిగినచో ఎవ్వరైనను బాగున్నదనియే అందురు. ఉప్పు చాలినదా, పులుపు మించినదా అని అడిగిననాడు నాలుకతో ఆలోచించి చెప్పుదురు.

ఇంటిలో మూడవ మనిషి యుండగా మేము ఇంతదూరము పోవుట ఇప్పుడు తలచుకొన్న నవ్వు వచ్చును. మా అత్తగారిది విజయనగరము. 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులుగను, ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగను ఉండిన ఊరు అది. ఫిడేలును పరదేశమునుండి వచ్చినదే. మనవారి చేతిలో పడి మనదైనది. బొబ్బిలి వీణ పుట్టు ప్రదేశమును ఆ సమీపముననే. మా అత్తగారు కన్నెప్రాయమున ఆరేండ్లు వీణ నేర్చిరి. పెండ్లియైన పిమ్మట రెండు మూడు బదిలీలలో మెట్ల మైనము కరగి, దండి బీటవారి, ఆ వీణ ఎవరికో పోయినది. ఈ సంగతి మాకు తెలిసియే యుండెను. అడుగవలెనని మాత్రము తోచలేదు. తోచలేదనుట కూడ పూర్తిగా నిజము గాదు. వంటయింటిలో వారు ఒక మాట అన్న అది మనసులో ముల్లువలె నిలుచును. వాద్యములో కూడ అనిపించుకొనుట యెందుకని మాలో మేము అనుకొంటిమేమో.

శ్రావణమాసమున ఒక మధ్యాహ్నము వాన పట్టినది. వారు వసారాలో కూర్చుండి చిక్కుడుకాయలు తుంచుచుండిరి. మేము ధైర్యము చేసి, “అత్తగారూ, నాలుగు వ్రేళ్లును సమముగా పలుకుచున్నవా? ఒక్కటి ఏదైన ఎక్కువ తక్కువగా నున్నదా?” అని అడిగితిమి. వారు కాయలు ప్రక్కకు నెట్టి, “ఎడమచేయి తీసి ఒడిలో పెట్టుకొనుము” అనిరి. అదియే మొదటి మాట. ఉత్తతీగలు మాత్రము మీటుమనిరి. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు, మరల బొటనవ్రేలు. వారు కుర్చీచేతిపై తాళము వేయుచు కన్నులు మూసికొనిరి. పదిసార్లు తిరిగినదో లేదో, “తకధిమి యని నాలుగక్షరములు గదా. నీవు తకధి యని పలికి, మి ని మింగుచున్నావు” అనిరి.

అంతే. నాలుగు నెలల రహస్యము నాలుగక్షరములలో బయటపడినది. మా బొటనవ్రేలు బలమైనది, ఉంగరపువ్రేలు బలహీనము. బలమైనది తన వంతునకు ముందే వచ్చి పడుటచేత, నాలుగవ వ్రేలికి చోటు చాలదు. ఆవృత్తి యావృత్తికి రవ్వంత కాలము తరిగి, మూడు చరణములగుసరికి పిల్లలకు ఊపిరి ఆడదు. స్ట్రమ్మింగులోను ఇదే తప్పు. అచ్చట చివర పైకి గీయవలసిన గీత ఇరుకున పడుచున్నది. పట్టు మార్చుటయు సరిగా ఆ చోటనే వచ్చుచుండుటచేత మేము ఎడమచేతిని నిందించితిమి. నేరము ఒకచేతిది, దండన ఇంకొకచేతికి.

“మా వీణకు బొటనవ్రేలితో మీటు లేదమ్మా, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మీటవలె, చిటికెనవ్రేలు తాళపుతీగలు వేయవలె. ఆ చిటికెనవ్రేలు నన్ను ఒక ఏడాది ఏడిపించినది. మా గురువుగారు మెట్లమీద చేయి పెట్టనీయక ఉత్త మీటే వేయించిరి” అని వారు చెప్పిరి. బలహీనమైన వ్రేలిమీదనే ఊనిక యుంచి, తకధి“మి”, తకధి“మి” యని పైకి పలుకుచు వాయింపుమనిరి. మెట్రోనోము నిమిషమునకు 60 చొప్పున పెట్టి, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క అక్షరము. విసుగు పుట్టించు పని. మొదటి వారము పాటలేమియు లేవు. రెండవవారమున 64, తరువాత 68. ఉంగరపువ్రేలి కొస నొచ్చినది. నాలుగవవారమున ఫోనులో పట్టి వింటిమి. మొదటి చరణమును మూడవ చరణమును ఒకే నడకలో నున్నవి.

అప్పుడు అడిగితిమి, “మీకు ఎప్పటినుండి తెలియును?” అని. “మొదటి నెలనుండి వినుచునే యున్నాను” అని వారనిరి. మరి చెప్పలేదేమనగా, కొంతసేపు ఊరకుండి, “కోడలి తప్పు చెప్పిన అత్తను లోకము ఏమనునో నీకు తెలియదా? అడుగనిదే ఎట్లు చెప్పుదును?” అనిరి. మాకు బదులు తోచలేదు. రెండేండ్లు ఒక విద్వాంసురాలు ప్రక్కగదిలో మాట దిగమింగుకొని యుండగా, మేము రుసుము చెల్లించి దేశాంతరమున వెదకితిమి.

వీణావిద్వాంసులైన చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో జన్మించిరి. అయిదేండ్ల ప్రాయమున, తండ్రిగారు వీణపై వాయించుచున్న దానిలో తప్పు పట్టి చెప్పిరనియు, ఆ తండ్రి సంతసించి బిడ్డకు చిట్టిబాబు అని పేరు మార్చిరనియు చెప్పుదురు. పిమ్మట ఈమని శంకరశాస్త్రిగారి శిష్యులై లోకప్రసిద్ధులైరి. ఆ కథలో అందరును బిడ్డను పొగడుదురు. మాకు మాత్రము ఆ తండ్రిగారిమీదనే గౌరవము కలుగుచున్నది. అయిదేండ్లవాడు తప్పనగా వాద్యమాపి వినుట ఎంతమందికి సాధ్యము? మొన్న మా అమ్మాయి గుమ్మములో నిలిచి, “అమ్మా, ఆ మొదటితీగ శ్రుతి దిగినది” అన్నప్పుడు మా నోట వచ్చినది, “నీకేమి తెలియును, పోయి చదువుకొనుము” అని. క్రొత్త నైలాను తీగలు వేసి రెండుదినములే యైనది. అవి కొన్నాళ్లు సాగుచునే యుండును. దిగిన మాట నిజమే.

ఇప్పుడు ప్రతిదినము సాయంకాలము నాలుగింటికి అత్తగారు వసారాలో కుర్చీ వేసికొందురు. ఒక ప్రశ్న మాత్రమే అడుగుదుము. ఆ దినమునకు అదియే. వారు కూడ ఒక మాటయే చెప్పుదురు. అప్పుడప్పుడు మా చేతినుండి వాద్యమును తీసికొని, బొటనవ్రేలు ముడిచి, చూపుడువ్రేలు నడిమివ్రేలితోనే మీటుదురు. “ప, స, గ, ధ ఉన్నవి. రిషభమొక్కటి మెట్టుమీద చేర్చుకొన్న మోహనమగును” అని మొన్న వెదకి వెదకి దానిని పట్టుకొనిరి. పట్టుకొన్న పిమ్మట చాలసేపు మాకు తిరిగి ఇయ్యలేదు.

నిన్నటి ప్రశ్న స్ట్రమ్మింగును గూర్చి. పైకి గీయు గీత ఇప్పుడు నిలుచుచున్నదా యని అడిగితిమి. వారు మూడుసార్లు వాయింపజేసి, “నిలుచుచున్నది గాని, నేను వినుచున్నానని నిలుచుచున్నది” అనిరి. ఈ దినము ఫోనును వంటయింటి కిటికీలో నుంచి, మరచిపోయి వాయింపవలెను.