మెయిల్ అడుగున ఒక్క వాక్యం

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు, చీరలు అమ్ముకునే అక్కచెల్లెళ్లు ‘మా రీల్ వైరల్ అవ్వాలంటే ఏం చెయ్యాలి?’ అని అడుగుతుంటారు. నాకు వెంటనే హాట్‌మెయిల్ అనే ఈమెయిల్ సర్వీసు గుర్తొస్తుంది. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ దాన్ని మొదలుపెట్టారు. భారీ ప్రకటనలిచ్చేంత డబ్బు లేదు. పెట్టుబడి పెట్టిన టిమ్ డ్రేపర్ పట్టుబట్టి ఒక పని చేయించాడు: వెళ్లే ప్రతి మెయిల్ అడుగునా, మీరూ ఉచితంగా ఖాతా తెరుచుకోవచ్చని ఒక్క వాక్యం. అంతే! ఏడాదిన్నర తిరిగేసరికి 80 లక్షల మందికి పైగా చేరారు. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కొనేసింది.

ఆ వాక్యం తెలిసినవాళ్ల ఉత్తరంతో పాటే ఇంటికొచ్చింది, అదీ దాని బలం. పైగా మెయిల్ అందిందంటేనే ఆ సర్వీసు పనిచేస్తున్నట్టు రుజువు. రీల్‌ని లక్షమంది చూస్తే సంతోషమే. కానీ ఆవకాయ తిన్నవాళ్లు ‘బాగుంది, తెప్పించుకో’ అంటే వచ్చే ఆర్డరే నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

అందుకే ఇన్‌ఫ్లుయెన్సర్లకిచ్చే డబ్బులో కొంత మిగిల్చి, ప్రతి పార్సిల్‌లో పక్కింటివాళ్లకివ్వడానికి ఒక చిన్న శాంపిల్ ప్యాకెట్, దానిమీద మీ వాట్సాప్ నంబరు పెట్టండి. సరుకు మాత్రం బాగుండాలి సుమా! ఈ నెల ఆర్డర్లతోనే మొదలుపెట్టి చూడండి.