160 ఎకరాల ఇల్లాలు

"ఊరికే 160 ఎకరాలు ఇస్తామంటే వెళదామా?" అని అడిగాను మావారిని, ఓ ఆదివారం పొద్దున్న.

ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "నీళ్ళున్నాయా?" అన్నారు.

గోదావరి జిల్లా మనిషి మరి! భూమి అనగానే ముందు కాలవ గుర్తుకొస్తుంది. నేను చెప్పేది ఇక్కడి సంగతి కాదు, 1862లో అమెరికాలో అబ్రహాం లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం సంగతి అన్నాను. అది 1976లోనే రద్దయిందనీ, ఒక్క అలాస్కాలో మాత్రం మరో పదేళ్ళు నడిచిందనీ కూడా చెప్పాను. "మరింకేం, నిక్షేపంగా కూర్చో" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం తెలివైనదే. ఆ రోజుల్లో ఆ ప్రశ్న గట్టిగా వేసుకోకుండానే బళ్ళు కట్టుకుని పడమటికి బయలుదేరినవాళ్ళు ఎందరో!

చట్టం చూడ్డానికి బహు సుళువు. కుటుంబానికి పెద్ద అయినా కావాలి, లేదా 21 ఏళ్ళయినా నిండాలి. రుసుము కొద్ది డాలర్లు. అయిదేళ్ళు ఆ నేల మీదే కాపురముండి, ఇల్లు కట్టి, సేద్యం చేసినట్టు ఇద్దరు సాక్ష్యం చెబితే పట్టా చేతికొస్తుంది. అలా మొత్తం మీద 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. అంటే ఆ దేశంలో పదో వంతు నేలన్నమాట. అయిదేళ్ళు నిలబడలేక మధ్యలోనే మూటాముల్లె సర్దుకున్నవాళ్ళూ తక్కువేం కాదు.

నిలబడ్డం మాటలా? నెబ్రాస్కా, కాన్సాస్, డకోటా మైదానాల్లో కనుచూపుమేర గడ్డే తప్ప చెట్టన్నది అరుదు. దూలానికి కూడా కర్ర దొరకదు. అందుకని గడ్డి వేళ్ళతో సహా నేలను పలకలుగా కోసి, వాటినే ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. బయట వాన వెలిసినా ఇంట్లో కప్పు కారుతూనే ఉండేదట. పైనుంచి మట్టి, పురుగులు, అప్పుడప్పుడు పామూ వంటగిన్నెల్లో పడకుండా చూరు కింద గుడ్డ కట్టుకునేవారు.

మరి పొయ్యిలోకి? పిడకలే! నిజం. మొదట్లో బైసన్ అనే అడవిదున్నల పేడ, అవి అయిపోయాక ఆవుల పేడ. పాపం, వాళ్ళకి గోడకి కొట్టడం తెలీదు. ఎండి పడున్నవి గంపలకెత్తుకునేవారు. కొత్తలో చేతికి గుడ్డ చుట్టుకుని, ముక్కు చిట్లించుకుని ముట్టుకున్న దొరసానులే, కొన్నాళ్ళకి ఉత్తచేత్తో పొయ్యి ఎగదోసి ఆ చేత్తోనే రొట్టెపిండి కలిపేవారట. మా అమ్మమ్మ వింటే "ఈ భాగ్యానికి అంత దూరం వెళ్ళాలిటే?" అని ఉండేది.

1874లో మిడతల దండు వచ్చి పచ్చగా ఉన్నదల్లా మేసేసింది. 1888 జనవరి 12న హఠాత్తుగా మంచుతుఫాను వచ్చి, బడి నుంచి ఇళ్ళకు బయలుదేరిన పిల్లలెందరో దారిలోనే పోయారు. ఆ తల్లుల గురించి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంత పడ్డాక వచ్చే ఆ పట్టా ఎవరి పేరున?

ఇక్కడే ఆశ్చర్యపోయాను. చట్టం మగవాళ్ళకే అనలేదు. పెళ్ళికానిది, భర్త పోయినది, విడాకులు తీసుకున్నది, మొగుడు వదిలేసినది - ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు 1920లో గాని రాలేదు. భూమి మాత్రం అంతకు ముందే వచ్చింది. కెనడాలో ఈ పాటి కూడా లేదు. 1872లో వాళ్ళూ ఇలాంటి చట్టమే చేసి, 1876లో పెళ్ళికాని ఆడవాళ్ళకి తలుపు మూసేశారు. జార్జినా బిన్నీ-క్లార్క్ అనే ఇంగ్లీషావిడ, చుట్టూ మగవాళ్ళు ఊరికే తీసుకుంటుంటే, తను డబ్బు పోసి సస్కాచెవాన్‌లో పొలం కొనుక్కుని గోధుమ పండించింది. ఆ కష్టమంతా 1914లో పుస్తకంగా రాసింది.

అమెరికా చట్టంలో ఆడవాళ్ళందరికీ చోటుంది గాని, ఒక్కరికి లేదు. కాపురం చేసుకుంటున్న ఇల్లాలికి! ఆవిడ కుటుంబానికి పెద్ద కాదు కదా.

ఇది అసలు అర్థమయ్యేది ఎలినోర్ ప్రూయిట్ స్టీవార్ట్ కథలో. డెన్వర్ నగరంలో ఇళ్ళల్లో పాచిపనులు చేస్తూ, బట్టలుతుకుతూ బతికే మనిషి. 1909లో చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని వయోమింగ్‌లో స్టీవార్ట్ అనే రైతు ఇంటికి వంటామె పనికి వెళ్ళింది. వెళ్ళిన కొద్ది వారాలకే పక్కనున్న నేలకి తన పేరున దరఖాస్తు పెట్టింది. మరికొద్ది రోజులకి ఆ రైతునే పెళ్ళాడింది. హద్దు ఆయన ఇంటి పక్కనుంచే పోతుంది గనక, ఆ ఇంటికి ఆనించి తన నేల మీద తన గది కట్టుకుంది. ఈ కబుర్లన్నీ తన పాత యజమానురాలికి ఉత్తరాలు రాసేది. అవి 1914లో పుస్తకమయ్యాయి. పెళ్ళి సంగతి చాలాకాలం దాచి, తర్వాత ఒప్పుకుంది. మొగుడి సాయం లేకుండా భూమి సంపాదించుకోవాలన్నది ఆవిడ పంతం. పట్నంలో చాకిరీ చేసే ఆడవాళ్ళందరికీ ఇదే దారి అని ఆవిడ గట్టి నమ్మకం. చదువుతుంటే మనకీ కొంగు బిగించాలనిపిస్తుంది.

తర్వాత పరిశోధకులు రికార్డులు తిరగేశారు. 1912లోనే ఎలినోర్ ఆ నేల వదులుకుంది. ఎవరి నేల మీద వాళ్ళు కాపురముండాలన్నది చట్టం. ఆలుమగలకి రెండు కాపురాలెక్కడివి? ఆ నేలకి ఆవిడ స్థానంలో వచ్చిందెవరో తెలుసా? అత్తగారు!

అత్తాకోడళ్ళ మీద ఇన్ని నవలలు రాసిన నాకు కూడా ఈ మలుపు తట్టి ఉండేది కాదు.

భూమి ఇంట్లోనే ఉందిగా, ఎవరి పేరున ఉంటేనేం అంటారేమో. ఆ మాట నేను బాగా ఎరుగుదును. మా అమ్మమ్మకి పసుపుకుంకాల కింద పుట్టింటివారు ఎకరంన్నర ఇచ్చారు. మామయ్య చదువుకని అమ్ముతున్నప్పుడు "అంతా ఇంటికోసమేగా" అని సంతకం పెట్టేసిందట. ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ ఎన్నేళ్ళయినా, బస్సు ఆ ఊరి మీంచి పోతున్నప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి చాపి "అదుగో, నా చేను" అనేది.

ఎలినోర్ కూడా తన కిటికీలోంచి అలాగే చూసుకునేదా?

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఇంకో ఆవిడ గుర్తుకొచ్చి ఆపలేకపోతున్నాను. మిస్సోరీ నది ఒడ్డున హిడాట్సా అనే తెగ ఉంది. ఆ తెగలో వ్యవసాయం ఆడవాళ్ళదే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు పండించేది వాళ్ళే, చేలు కూడా తల్లీకూతుళ్ళవే. బఫెలో బర్డ్ ఉమన్ అనే ముసలావిడ ఆ సేద్యమంతా విత్తనం దాచే పద్ధతితో సహా పూసగుచ్చినట్టు చెబితే, 1917లో పుస్తకంగా వచ్చింది. ఇలాంటి తెగల నేలల్ని పంచాలని 1887లో ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. కుటుంబ పెద్దకి 160 ఎకరాలు, భార్యకి సున్న! 1891లో దిద్దుకుని, మనిషికి 80 ఎకరాలన్నారు. "మిగులు" అని పేరు పెట్టిన నేలని వలస వచ్చినవాళ్ళకి తెరిచారు. 1934 నాటికి తెగలవాళ్ళ భూమి 13.8 కోట్ల ఎకరాల నుంచి 4.8 కోట్లకి కరిగిపోయింది.

ఊరికే ఇచ్చిన నేల అంటే అదన్నమాట. ఎలినోర్ మీద నాకు ప్రేమ తగ్గలేదు. కానీ "నా చేను" అంటూ చెయ్యి చాపి చూపించే ముసలమ్మలు ఆ దేశంలో ఇంకా ఎందరున్నారో అనిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారికి ఏం తోచిందో, "ఇంతకీ ఆ 160 ఎకరాలు ఎవరి పేరున ఇచ్చేవారట?" అన్నారు.

"పెళ్ళయింది గనక మీ పేరునే" అన్నాను మజ్జిగ పోస్తూ.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే వద్దులే" అన్నారు.

నా మీద గౌరవమో, నీళ్ళు లేవన్న భయమో, నేను మాత్రం అడగలేదు.