కొట్టడం వచ్చు... ఆపడమే రాదు!

గోల్ఫుకీ, మన సినిమా పత్రికకీ ఏమిటయ్యా సంబంధం అని మీరు అడగొచ్చు. కొంచెం ఓపిక పట్టండి, చెబుతాను.

ఆ మధ్య ఒక నిర్మాతగారు ఇంటర్వ్యూకి గోల్కొండ కోట పక్కనున్న గోల్ఫు మైదానానికి రమ్మన్నారు. పొద్దున్న ఆరున్నరకల్లా వాలిపోయాను. తీరా వెళ్తే, ఆయన ఆట ముగించి వచ్చేసరికి పది దాటుతుందన్నారు. కాచుక్కూచోవడం ఫ్రీలాన్స్ జర్నలిస్టుకి కొత్తా? జీతం లేని ఈ ఉద్యోగంలో సగం పని అదే!

నా అవస్థ చూసి ఒక ముసలి క్యాడీకి జాలేసినట్టుంది. "ఖాళీగ కూసునే బదులు జర కొట్టుండ్రి సారూ" అంటూ ఒక పాత పట్టరూ, మూడు బంతులూ చేతికిచ్చి, పక్కనే ఉన్న ప్రాక్టీసు గ్రీన్ మీదికి తీసికెళ్ళాడు.

హోల్ ముప్పై అడుగుల దూరంలో ఉంది. దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. కాఫీ సాసరంత కూడా ఉండదు. నేను వంగి, ఒక కన్ను మూసి, కౌబాయ్ సినిమాలో హీరోలా గురిపెట్టి కొట్టాను. బంతి హోల్‌ని ఒరుసుకుంటూ వెళ్ళి, పన్నెండడుగులు దాటి ఆగింది. భయపడి రెండోది మెల్లిగా కొడితే సగం దారిలోనే చతికిలబడింది. మూడోది మళ్ళీ అవతలికి!

ముసలాయన నవ్వాడు. "నిషానా మంచిగనే ఉంది సారూ. అందాజే లేదు."

అందాజ! ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. ఎందుకంటారా? అంతకు మూడు వారాల ముందు ఒక పాత తరం నటీమణి ఇంటికి వెళ్ళాను. అమ్మ పాత్రలు ఎన్ని వేశారో ఆవిడకే లెక్క లేదు. రెండు గంటలు కబుర్లు చెప్పారు, కాఫీ ఇచ్చారు, పాత ఆల్బమ్ చూపించారు. అక్కడితో లేచి రావలసింది. నేను లేవలేదు. ఇంటికి రాని కొడుకు గురించి ఇంకొక్క ప్రశ్న వేశాను. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఇంక వెళ్ళు నాయనా, మళ్ళీ రాకు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వ్యాసం అప్పటినుంచీ నా సంచీలోనే సగంలో ఆగిపోయి ఉంది.

ముసలాయన పాఠం మొదలుపెట్టాడు. మణికట్టుతో కొట్టకూడదట, భుజాలతో ఊపాలట, గోడ గడియారంలో లోలకంలాగ. దగ్గరికైతే చిన్న ఊపు, దూరానికైతే పెద్ద ఊపు. తాళం మాత్రం ఎప్పుడూ ఒక్కటే. దూరం పెరిగిందని తాళం మార్చి బలం వాడితే అంతా గోవిందా! బంతి పట్టర్ నడిమధ్యన తగలాలి. పక్కన తగిలితే అంత ఊపూ ఊపినా దూరం పడిపోతుంది. కొట్టేముందు రెండుసార్లు హోల్‌ని చూస్తూనే ఉత్తి ఊపు ఊపాలి. చంటిపిల్లాడికి బంతి విసిరేటప్పుడు అడుగులు లెక్కపెడతామా ఏమిటి? కన్ను చూస్తుంది, చెయ్యి విసురుతుంది.

పైగా గడ్డి కూడా మాట మారుస్తుంది. పొద్దున్న మంచు తడికి బంతి బద్ధకంగా దొర్లుతుంది. ఎండెక్కితే అదే గ్రీన్ మీద పరుగెడుతుంది. ఆ వేగం కొలవడానికే 1935లో అమెరికాలో ఎడ్వర్డ్ స్టింప్సన్ ఒక పరికరం చేశారు. వాలు పలక మీంచి బంతి వదిలి, ఎన్ని అడుగులు దొర్లిందో కొలుస్తారు. మా ముసలాయన ఆ పనికి అరికాలే చాలన్నాడు.

తర్వాత కళ్ళు మూసుకుని కొట్టమన్నాడు. కళ్ళు తెరవకముందే చెప్పాలి, బంతి తక్కువైందా, ఎక్కువైందా అని. మొదట అన్నీ తప్పులే. ఇరవై కొట్టేసరికి చేతికి తెలియడం మొదలైంది. అప్పుడు అసలు మాట చెప్పాడు.

"గింత దూరం నుంచి గుంతల ఎయ్యాలని జూడకుండ్రి. గుంత సుట్టూ మూడడుగుల గిరి ఉన్నదనుకోండ్రి. గండ్ల ఆగితె సాలు."

ఆపైన పదింట్లో ఆరు గిరి లోపల ఆగాయి!

నిర్మాతగారు పదిన్నరకి వచ్చి, నా చేతిలో పట్టర్ చూసి ముచ్చటపడి, 1970 నాటి కథ చెప్పారు. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్. బ్రిటిష్ ఓపెన్ ఆఖరి హోల్. డగ్ శాండర్స్ రెండు పట్‌లలో ముగిస్తే కప్పు ఆయనదే. మొదటిది దాదాపు మూడడుగులు తక్కువై ఆగింది. ఆ మూడడుగులూ ఆయన వెయ్యలేకపోయాడు! మర్నాడు ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ ఒక్క స్ట్రోకు తేడాతో నెగ్గాడు.

"మరి గట్టిగా కొడితేనో?" అన్నాను.

"స్పీడెక్కువైతే అంచు తగిలినా బయటికి తన్నేస్తుందయ్యా. నీ స్పీడు పెరిగేకొద్దీ గుంత చిన్నదైపోతుంది" అన్నారాయన.

ఆ సాయంత్రం నా కాళ్ళు వాటంతటవే ఆవిడ ఇంటివైపు నడిచాయి. సంచీ తీసుకెళ్ళలేదు. తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి, "ఏం కావాలి?" అన్నారు.

"కాఫీ బాగుందని చెప్పడం మర్చిపోయానండీ ఆ రోజు. తప్పయింది."

కాసేపు చూసి పక్కకి జరిగారు. పావుగంట కూచున్నాను. కూరల ధరలూ, మోకాళ్ళ నొప్పులూ మాట్లాడుకున్నాం. గోడ మీద కొడుకు ఫోటో ఉంది. చూసి ఊరుకున్నాను. లేస్తుంటే, "అప్పుడేనా?" అన్నారు.

వ్యాసం పూర్తిచేసి పంపాను, ఆ ప్రశ్న లేకుండా. అర పేజీ తగ్గిందని సంపాదకులవారు విసుక్కున్నారు. పారితోషికంలో కూడా ఆ మేరకు కోత పడుతుందట. పడనివ్వండి. వచ్చే ఆదివారం ఆవిడ నన్ను భోజనానికి రమ్మన్నారు.