ఊహలో పుట్టిన గ్రహము

మా శింగనమలలో ఆకాశము మిక్కిలి పెద్దది. చెట్లు తక్కువ, మబ్బులు మరింత తక్కువ. అనంతపురము జిల్లాలో సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ సగటైనను అందని యేండ్లు పెక్కు. ఆషాఢ శ్రావణములలో వేరుసెనగ విత్తిన రైతు రాత్రివేళ వాకిట మంచము వేసికొని మబ్బుకొరకై చూచుచుండును. వానికి దుఃఖము కలిగించు ఆ నిర్మలాకాశమే నక్షత్రములు చూడగోరువానికి భాగ్యమగుచున్నది. నేను బడిలో పనిచేసిన దినములలో పిల్లలను అప్పుడప్పుడు చెరువుకట్ట మీదికి తీసికొనిపోయి చుక్కలు చూపుచుండెడివాడను. చెరువులో నీరున్న యేడు చుక్కలు క్రింద కూడ కనబడెడివి. అట్టి యేండ్లు అరుదు.

ఆ చుక్కలలో నొకదాని కథ మీకు చెప్పవలెనని చాలనాళ్ళుగా నున్నది. అది అంత పేరుగన్న చుక్క కాదు. శ్రావణమాసమున రాత్రి తొమ్మిది గంటలకు తల పైకెత్తినచో, నడినెత్తికి కొంచెము దక్షిణముగా సర్పధారి యను నక్షత్రమండలము కానవచ్చును. పామును రెండు చేతులతో పట్టుకొనిన పురుషుడని పాశ్చాత్యులు దానిని భావించి ఆఫియూకస్ అనిరి. అందు మినుకుమినుకుమను చిన్న చుక్క యొకటి కలదు. దానికి అశ్విని, రోహిణి వంటి ముద్దుపేరు లేదు. పట్టికలో దాని సంఖ్య 70. కనుక 70 ఆఫియూకి అందురు. చందమామ లేని రాత్రియైన కంటికే కనబడును.

కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తును. అంతటి పరుగుతో వచ్చినను ఆ చుక్క వెలుగు మనలను చేరుటకు పదునారు సంవత్సరములకు పైగా పట్టును. పదమూడేండ్ల బాలిక నేడు దానిని చూచినచో, ఆమె కంటబడిన వెలుగు ఆమె పుట్టుటకు మూడేండ్లకు ముందే బయలుదేరినదన్నమాట. అయినను నక్షత్రముల లెక్కలో ఇది పొరుగిల్లే. 1779 లో విలియం హెర్షెల్ దానిని దూరదర్శినితో చూచి, అది ఒకటి కాదు, రెండు నక్షత్రముల జంటయని కనుగొనెను. అవి ఒకదాని చుట్టు నొకటి సుమారు 88 ఏండ్లకు ఒకమారు తిరుగుచున్నవి. వానిలో పెద్దది మన సూర్యునికి తమ్ముడనదగినది. కొంచెము చిన్నది, కొంచెము చల్లనిది, నారింజ వన్నె గలది.

ఇక మన దేశపు సంగతి. చెన్నపట్టణమున నుంగంబాకములో ఈస్టిండియా కంపెనీవారు 1792 లో ఒక వేధశాలను కట్టించిరి. ఆనాటికి అనంతపురము జిల్లా లేదు. అది 1882 లో ఏర్పడినది. శింగనమల సీమ 1850 ప్రాంతమున మద్రాసు రాజధానిలో, బళ్ళారి జిల్లాలో చేరియుండెను. కావున ఆ వేధశాల మనకు పరాయిది కాదు. అందు దూరదర్శినిని నిలుపుటకు నాటిన నల్లరాతి స్తంభము నేటికిని అచటనే యున్నది. దానిపై తెలుగు శాసనము కూడ కలదు. గణితశాస్త్రములు ఆసియాలో మొదట ఎప్పుడు నాటబడెనో వెయ్యేండ్ల తరువాతివారికి తెలియవలెనని దాని తాత్పర్యము. ఆర్యభటుడు పుట్టిన దేశములో ఈ మాట రాతిపై చెక్కించుటకు చాల ధైర్యము కావలెను! అయినను ఆ చోట జరిగిన పని గొప్పదే. చింతామణి రఘునాథాచార్యులు 1867 లో వెలుగు మారుచుండు నక్షత్రము నొకదానిని కనుగొనినది ఆ వేధశాలలోనే.

అంతకు ముందు అచటి యధికారి కెప్టెన్ జాకబు అనునాయన. ఆయన 70 ఆఫియూకి జంటను శ్రద్ధగా కొలిచెను. రెండు చుక్కల నడుమ దూరమెంత, ఏ దిక్కున నున్నవి, అని తన కొలతలను పూర్వులు వ్రాసియుంచిన కొలతలతో సరిచూచెను. న్యూటను సూత్రము ప్రకారము అవి నడువవలసిన దారి యొకటి, నడచిన దారి కొంచెము వేరొకటి. ఏల? ఈ ప్రశ్నకు ఆయన ఒక సమాధానము ఊహించెను. కావడి మోయువానిని మీరు చూచియుందురు. రెండు కడవలు సమానముగా నుండిన భుజము బద్ద నడుమ నుండును. ఒకటి బరువైన భుజము దానివైపు జరుగును. చీకటిలో కావడివాడు పోవుచుండగా మనకు ఒక కడవయే కనబడినను, బద్ద ఎచట ఆనినదో తెలిసినచో, రెండవ కడవ బరువెంతో చెప్పవచ్చును. అటులే కంటికి కనబడని గ్రహమొకటి ఆ నక్షత్రమును లాగుచున్నదేమో యని జాకబు తలచి, 1855 లో లండనులోని ఖగోళ సంఘమునకు వ్రాసి పంపెను. సూర్యుడు కాని మరియొక నక్షత్రమునకు గ్రహమున్నదని కొలతల ఆధారముతో పలికినవారిలో ఆయన మొదటివాడనదగును. ఆ మాట పుట్టినది నుంగంబాకములో!

ఆ గ్రహము లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు మా బడిలో ఒక బాలిక, "సార్, అట్లైతే ఆ దొర అబద్ధం చెప్పినాడా?" అని అడిగెను. మంచి ప్రశ్న. నేను ఆమెను మా పొలముల వైపు చూపించితిని. మా సీమలో బోరు వేయుటకు ముందు నీళ్ళు చూచువానిని పిలిచెదరు. వాడు అరచేత కొబ్బరికాయ పెట్టుకొనియో, వేపపుల్ల పట్టుకొనియో పొలమంతయు తిరుగును. కాయ లేచి నిలబడినచోట "ఇక్కడ ఉంది" అనును. "ఉండవచ్చును" అని వాడు ఏనాడును అనడు. ఆ మాట నమ్మి ఇల్లాలి మెడలోని బంగారము కుదువపెట్టి, వందల అడుగులు తొలిపించి, రాతిపొడి తప్ప మరేమియు చూడని కుటుంబములు మా చుట్టుప్రక్కల తక్కువ కాదు. జాకబు అట్లనలేదు. గ్రహముండుట మిక్కిలి సంభావ్యమని మాత్రమే వ్రాసెను. తన కొలతలను అందరి ముందు పెట్టెను. తప్పయినచో ఎవరైనను పట్టుకొనుటకు తలుపు తెరచియుంచెను.

తరువాత వచ్చినవాడు అట్టివాడు కాడు. 1896 లో అమెరికాలో టి. జె. జె. సీ అను పండితుడు అదే జంటలో కనబడని సహచరమొకటి 36 ఏండ్లకొకమారు తిరుగుచున్నదని ప్రకటించెను. 1899 లో మౌల్టను అను యువకుడు లెక్కకట్టి, అట్టి మూడవ గోళము అచట నిలువజాలదని, ఆ కూటమి చెదరిపోవునని చూపెను. సీ పండితునికి కోపము వచ్చెను. ఆయన వ్రాసిన జాబు ఎంత పరుషముగా నుండెననగా పత్రికవారు దానిని పూర్తిగా అచ్చువేయ నొల్లరైరి. కోపము లెక్కను మార్చదు గదా! 1943 లో మరల ఇద్దరు అదే నక్షత్రమునకు గ్రహమున్నదనిరి. అదియు నిలువలేదు. ఈ చుక్కకు మనుష్యులను ఊరించు గుణమేదో యున్నట్లున్నది. నిజమునకు ఆనాటి కొలతలలోని సూక్ష్మదోషములే గ్రహములై కనబడెను.

సూర్యుని వంటి నక్షత్రమునకు గ్రహమున్నదని రూఢియైనది 1995 లో. స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు మేయరు, కెలోజు అనువారు 51 పెగాసి యను నక్షత్రపు వెలుగును పరీక్షించిరి. దగ్గరకు వచ్చు రైలు కూత సన్నమై, దూరమగునప్పుడు బొంగురుపోవును. అటులే నక్షత్రము ముందుకు వెనుకకు ఊగినప్పుడు దాని వెలుగు వన్నె అణుమాత్రము మారును. ఆ మార్పును బట్టి, నాలుగు దినములకే ఒక చుట్టు తిరుగు పెద్ద గ్రహమును కనుగొనిరి. 2019 లో వారికి నోబెల్ బహుమానము లభించినది. 2025 నాటికి అట్టి గ్రహములు ఆరు వేలు దాటినవి. వానిలో నొకదానికి 2019 లో మన దేశము తరపున "సంతమస" అని పేరిడిరి. దాని నక్షత్రమునకు భౌతికశాస్త్రజ్ఞురాలు బిభా చౌధురి పేరు పెట్టిరి. సంతమసమనగా అంతట క్రమ్మిన చీకటి. విభ ప్రక్క సంతమసము! పేరు కుదిర్చినవారు నిఘంటువు చూచినవారని నాకు సంతోషము కలిగెను.

అంతమాత్రమున ఊహాగ్రహములు పుట్టుట మానలేదు. వేసవి సాయంకాలములందు మా ఊరినుండి దక్షిణమున క్రిందుగా కనబడు ఆల్ఫా సెంటారి మనకు మిక్కిలి చేరువ నక్షత్రములలో నొకటి. అది జంటయని 1689 లో పుదుచ్చేరినుండి రిషో అను ఫ్రెంచి మతగురువు కనుగొనెను. ఆ జంటలో చిన్నదానికి భూమియంతటి గ్రహమున్నదని 2012 లో ప్రకటించిరి. లోకమంతయు సంతోషించెను. 2015 లో ఆ కొలతలనే మరల శోధించి, కొలతలకు కొలతలకు నడుమనున్న ఖాళీలే ఆ గ్రహమును కల్పించినవని తేల్చిరి.

70 ఆఫియూకికి ఇంతవరకు ఏ గ్రహమును రూఢి కాలేదు. ఆ రెండు నక్షత్రములు మాత్రము తమ పని తాము చేసికొనుచున్నవి. 1855 లో జాకబు చూచిన స్థానములకు అవి 1943 ప్రాంతమున ఒకమారు తిరిగివచ్చినవి. 2031 చివరకు మరల వచ్చును. అప్పటికి మీరు కళాశాలలలో నుందురు.